అమ్మమ్మ పేరు మార్గరెట్టు: పాపకు పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది కాకినాడ. నాకు నాలుగు నెలల పాప. చిన్నప్పటి నుంచి నన్ను పెంచింది మా అమ్మమ్మ. ఆవిడ పేరు మార్గరెట్టు. ఒక మిషన్ ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. నేను కడుపుతో ఉండగానే పోయింది. పాపకు ఆవిడ పేరే పెట్టాలని నా కోరిక. మాది ప్రేమ పెళ్లి, మావారి వైపు వాళ్లు హిందువులు. అత్తగారు నన్ను బాగానే చూసుకుంటారు. కానీ ఈ పేరు మాట ఎత్తితే మాత్రం "దొరసాని పేరు మనకెందుకమ్మా, దానికి అర్థం పర్థం ఉందా" అంటున్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట ముత్యం అని, ఒకచోట వెలుగు బిడ్డ అని, ఇంకోచోట గ్రీకు దేవత పేరు అని ఉంది. ఏది నిజం? మావారేమో "అర్థం ముత్యమే అయితే మౌక్తిక అని పెట్టేద్దాం, అందరికీ సరిపోతుంది" అంటున్నారు. స్కూల్లో పిల్లలు ఏడిపిస్తారేమో అని కూడా భయం. కిందటేడు మా అత్తగారి అమ్మ కూడా పోయారు, ఇంట్లో ఆ బాధ ఇంకా పోలేదు. గొడవ పెట్టుకోవాలని నాకు లేదు. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, పెంచిన చేతుల్ని మరిచిపోకుండా ఆ పేరును బిడ్డలో చూసుకోవాలనుకోవడం చాలా మంచి కోరిక. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ముందు ఆ భయం వదిలెయ్యండి. తర్వాత పేరు సంగతి చూద్దాం. మీరు చూసిన మూడు అర్థాల్లో ఒకటి నిజం, ఒకదాని వెనక ఒక అందమైన నమ్మకం ఉంది, ఇంకొకటి పూర్తిగా తప్పు.

నిజమైనది ముత్యం. మార్గరెట్ అనే మాటకు మూలం ప్రాచీన గ్రీకులోని 'మర్గరీతేస్'. ముత్యం అనే తప్ప దానికి వేరే అర్థం లేదు. లాటిన్ వాళ్లు దాన్ని 'మర్గరీతా' అన్నారు. ఫ్రెంచి నోట అది మార్గరీత్ అయింది, ఇంగ్లిష్‌లో మార్గరెట్ అయింది. మన పల్లెల్లో మాట చివర అచ్చు లేకపోతే నోరు తిరగదు కదా, మార్గరెట్టు అయింది, ఇంకొంచెం గౌరవం చేరి మార్గరెట్టమ్మ అయింది. మీరు ఉత్తరంలో 'మార్గరెట్టు' అనే రాశారు. ఆ 'ట్టు' చూడగానే నాకు సంతోషం వేసింది. ఆ పేరు మీ ఇంట్లో ఎంతగా తెలుగైపోయిందో ఆ ఒక్క అక్షరం చెబుతోంది.

గ్రీకు దేవత అన్న మాట తప్పు. గ్రీకు పురాణాల్లో మార్గరెట్ అనే దేవత గానీ మర్గరీతా అనే దేవత గానీ లేదు. పేర్ల అర్థాలు చెప్పే చోట్ల ఇలాంటివి ఎవరో ఒకరు రాస్తారు, మిగతావాళ్లు ఎత్తి రాసుకుంటారు. ఇంట్లో ఎవరికైనా చెప్పి ఉంటే దయచేసి వెనక్కి తీసుకోండి. ముఖ్యంగా అత్తగారి దగ్గర. వేరే దేవత పేరు అనుకుంటే ఆవిడకు ఇంకో అభ్యంతరం మొదలవుతుంది.

ఇక వెలుగు బిడ్డ సంగతి. ఆ మాటకు నిఘంటువు అర్థం అది కాదు. కానీ పాతకాలంలో ముత్యం ఎలా పుడుతుందో జనం చెప్పుకున్న కథల దగ్గర్లోనే ఈ ఊహ పుట్టింది. ముత్యపు చిప్పలు నీటిపైకి వచ్చి నోరు తెరిస్తే ఆకాశం నుంచి మంచు బిందువు పడుతుందని, అదే లోపల ముత్యమవుతుందని రోమన్లు నమ్మేవారు. మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రచయిత ఈ నమ్మకాన్ని రాసిపెట్టాడు. మంచు పడినప్పుడు ఆకాశం తేటగా ఉంటే ముత్యం తేటగా ఉంటుందని, మబ్బు పట్టి ఉంటే మసకబారుతుందని కూడా చెప్పాడు. ఈ కథ మనకు కొత్తది కాదు. స్వాతి కార్తెలో పడిన చినుకు ముత్యపు చిప్పలో పడితే ముత్యమవుతుందని మీ అత్తగారు కూడా చిన్నప్పుడు వినే ఉంటారు. కాలిన ఇనుము మీద పడితే ఆవిరైపోయే నీటిబొట్టే ముత్యపు చిప్పలో పడితే ముత్యమవుతుందన్న భర్తృహరి సుభాషితం మన బళ్లలో ఎన్నో తరాలు చదువుకున్నాయి. వెలుగు బిడ్డ అన్నది అర్థంగా తప్పే. అయినా ఆ ఊహ నాకు నచ్చుతుంది.

నిజానికి ముత్యం పుట్టేది చినుకు వల్ల కాదు, చాలామంది అనుకునే ఇసుక రేణువు వల్ల కావడం కూడా తక్కువే. ఆల్చిప్ప లోపలి మెత్తని పొరకు దెబ్బ తగిలినా, ఏదైనా పురుగు దూరినా ఆ జీవి దాని చుట్టూ పొర మీద పొర మెరిసే పదార్థాన్ని చుట్టుకుంటూ పోతుంది. ఆ పలచని పొరల మధ్య వెలుతురు ఆడటం వల్లే ఆ మెరుపు. ముప్పై ఏళ్లు కాన్పుల వార్డులో నొప్పుల మధ్య నిలబడిన మనిషికి ఈ పేరు ఉండటం నాకు ఎంతో సరిగ్గా అనిపిస్తోంది.

"దొరసాని పేరు" అన్న మాటకు జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. ఈ పేరు మన ఊళ్లకు వచ్చింది తెల్లవాళ్ల ద్వారానే. కాకినాడకు కెనడా బాప్టిస్టులు వచ్చారు, గుంటూరుకు అమెరికా లూథరన్లు వచ్చారు. వాళ్ల బళ్లు, ఆసుపత్రులు, చర్చిలతో పాటు వాళ్ల ఆడవాళ్ల పేర్లూ వచ్చాయి. కానీ పేరు మోసుకొచ్చినవాళ్లది కదా అని ఆ మాట కూడా వాళ్లదే అనలేం. ఇంగ్లిష్ వాళ్లకే అది అరువు మాట, గ్రీకు నుంచి వచ్చింది. ఇంకా లోపలికి వెళితే గ్రీకుల సొంతం కూడా కాదు!

గ్రీకు రాతల్లో ఈ మాట మొదట కనిపించేది థియోఫ్రాస్టస్ రాసిన రాళ్ల పుస్తకంలో. ఆయన అరిస్టాటిల్ శిష్యుడు, క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దం వాడు. అలెగ్జాండర్ సైన్యం తూర్పు దేశాలు చూసి వచ్చిన తర్వాతి కాలం అది. ముత్యాన్ని విలువైన రాళ్లలో ఒకటిగా చెబుతూ, అది భారతదేశంలోనూ ఎర్ర సముద్రం అని వాళ్లు పిలిచే వైపు దీవుల్లోనూ దొరుకుతుందని రాశాడు. అంటే గ్రీకులకు ఆ వస్తువూ ఆ మాటా కలిసే తూర్పు నుంచి వచ్చాయి.

తర్వాత సుమారు నాలుగు వందల ఏళ్లకు అర్రియన్ అనే గ్రీకు చరిత్రకారుడు మన దేశం గురించి ఒక పుస్తకం రాశాడు. మెగస్తనీసు పేరు మనం బడిలో చదువుకున్నాం కదా, చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన రాయబారి. ఆయన చెప్పిన సంగతులనే అర్రియన్ చాలా చోట్ల ఆధారంగా తీసుకున్నాడు. అందులో ఒక కథ ఉంది. హెరాక్లీస్ అని వాళ్లు పిలిచిన ఒక వీరుడు భూమీ సముద్రమూ తిరిగి ఆడవాళ్లు పెట్టుకోదగ్గ కొత్త నగ ఒకటి కనిపెట్టాడట. అదే ముత్యం. అది ఎంత నచ్చిందంటే, సముద్రంలో ఉన్న ముత్యాలన్నీ ఏరించి తన కూతురు పాండయాను అలంకరించాలనుకున్నాడట. ఇక్కడే అర్రియన్ ఒక మాట రాశాడు: ఈ సముద్రపు ముత్యాన్ని మర్గరీతా అనడం భారతీయుల భాషలోని పేరే అని. పాండయా అన్న పేరులో పాండ్యుల జాడ ఉందని చరిత్రకారులు అంటారు. పాండ్యుల తీరంలోని కొర్కై ముత్యాల వేటకు పేరు పొందిన రేవు. గ్రీకు నావికులు దాన్ని కొల్ఖోయ్ అన్నారు. అక్కడ సముద్రంలో మునిగి ముత్యాలు తీసే పనికి శిక్ష పడిన ఖైదీలను దింపేవారని కూడా వాళ్లు రాసుకున్నారు. మన దేశంలో ముత్యం విలువ దాని బరువుకు మూడింతల మేలిమి బంగారమని అర్రియన్ లెక్క చెప్పాడు.

ఒక తండ్రి కూతురి కోసం సముద్రమంతా వెతికిన కథతో ఈ మాట గ్రీకు పాఠకులకు చేరింది. పాపకు పెద్దయ్యాక చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ మీకు దొరకదు.

అయితే అర్రియన్ చెప్పాడు కాబట్టి ఇది అచ్చంగా మన మాటే అని తీర్మానించకండి. గ్రీకువాళ్లకు తూర్పున ఉన్న చాలా భాషలు ఒకటిగానే వినిపించేవి. ఈ మాట పాత ఇరానీ భాషల నుంచి వచ్చిందని ఎక్కువమంది భాషా పండితులు చెబుతారు. ఇప్పటి ఫార్సీలో ముత్యాన్ని మొర్వారీద్ అంటారు. ఈ మాటనూ మర్గరీతానూ పక్కపక్కన పెట్టి చదవండి, చుట్టరికం చెవికే తెలుస్తుంది. ఉర్దూలో అది మర్వారీద్. హైదరాబాదులో యునానీ మందుల కొట్టుకు వెళితే ఖమీరా మర్వారీద్ అనే డబ్బా కనిపిస్తుంది, ముత్యాల పొడి కలిపి చేసే లేహ్యం. గుండెకు బలమని దాన్ని ఇస్తారు. మీ అమ్మమ్మ పేరుకు దగ్గరి చుట్టం చార్మినార్ చుట్టుపక్కల అలమరాల్లో ఉంది మరి.

కొందరు పండితులు సంస్కృతంలోని మంజరి అనే మాటను కూడా దీనితో కలిపి చూశారు. మంజరి అంటే మనకు పూలగుత్తి. సంస్కృత నిఘంటువులు దానికి ముత్యం అనే అర్థాన్ని కూడా ఇస్తాయి. ఈ పోలికను అందరూ ఒప్పుకోలేదు. నా మటుకు నేను దాన్ని రుజువుగా వాడను. కానీ తెలుగు చదువుకున్న మనిషిగా ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. మన ఛందస్సులో ప్రాస లేని ద్విపదకు మంజరి అని పేరు. గురజాడ అప్పారావుగారు కొత్త నడక ఒకటి కట్టి దానికి పెట్టుకున్న పేరు ముత్యాల సరం. పాటలు పాడుకునే రెండు నడకలకు మనవాళ్లు పెట్టిన పేర్లు ఈ మాట చుట్టూనే తిరిగాయి.

రాయి పేరు మనిషి పేరు ఎలా అయింది అంటారేమో. అది క్రైస్తవం వ్యాపించిన కాలంలో జరిగింది. అంతియొకయకు చెందిన మార్గరెట్ అనే అమ్మాయి కథ ఒకటి ఉంది. రోమ్ చక్రవర్తి డయొక్లీషియన్ కాలంలో, నాలుగో శతాబ్దం మొదట్లో, తన విశ్వాసం వదులుకోనన్నందుకు ఆమెను చంపారని చెబుతారు. జైల్లో ఉన్నప్పుడు సైతాను పెద్ద సర్పం రూపంలో వచ్చి మింగేస్తే, చేతిలోని శిలువతో దాని పొట్ట చీల్చుకుని దెబ్బ తగలకుండా బయటికి వచ్చిందట. ఆ బయటికి రావడాన్ని బట్టే యూరప్ అంతా ఆమెను కాన్పుల వేళ తలుచుకునే తల్లిగా కొలిచింది. నొప్పులు పడుతున్నవాళ్ల పక్కన కూర్చుని ఆమె కథ చదివేవారు. తూర్పు చర్చిలో ఆమెనే మరీనా అంటారు. మరీనా అంటే సముద్రానికి చెందినది. ఆమె కథకు చారిత్రక ఆధారాలు సరిపోవని కేథలిక్ చర్చి 1969లో తన సాధారణ కేలండర్ నుంచి ఆమె పండుగను తీసేసింది. అయినా ఆ పేరును జనం వదల్లేదు.

మీ అమ్మమ్మ కాన్పుల వార్డు నర్సు అని మీరు రాశారు చూడండి, ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆవిడకు పేరు పెట్టినప్పుడు ఆవిడ ఏ పని చేస్తుందో ఎవరికి తెలుసు? కాన్పుల తల్లి పేరు పెట్టుకున్న మనిషి ముప్పై ఏళ్లు కాన్పులే చేసింది. ఇది యాదృచ్ఛికమే. అయినా మీ అత్తగారికి చెప్పాల్సిన మాటల్లో ఇది మొదటిది అని నా నమ్మకం. ఆడవాళ్లకు ఆ వార్డు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

యూరప్‌లో రాజుల ఇళ్లలో ఈ పేరు ఎంత తిరిగిందో చెబుతూ పోతే అది వేరే వ్యాసం అవుతుంది. పదకొండో శతాబ్దంలో స్కాట్లండు రాణి ఒకామె పేదలకు తన చేత్తో అన్నం పెట్టి పునీతురాలిగా పేరు తెచ్చుకుంది. ఆమె వల్లే ఆ దేశంలో ఈ పేరు ఇల్లిల్లూ చేరింది. డెన్మార్క్ రాణి రెండో మార్గరెట్ 2024 జనవరిలో గద్దె దిగేదాకా ఏలింది. నాకు వాటికన్నా ఈ పేరుకు పుట్టిన పిల్లల ముచ్చట ఎక్కువ ఇష్టం. రీటా అంటే మర్గరీటాలో చివరి ముక్క. గ్రేటా, గ్రెటెల్, మెగ్, మ్యాగీ, పెగ్గీ, మార్జరీ అన్నీ ఇందులోంచి వచ్చినవే. ఫ్రెంచిలో మార్గరీత్ అంటే నడుమ పసుపు, చుట్టూ తెల్ల రేకులుండే చామంతిలాంటి చిన్న పూవు కూడా. ఆ పూవును ఇంగ్లిష్‌లో డైసీ అంటారు. అందుకే ఇంగ్లిష్ ఇళ్లలో మార్గరెట్‌ను ముద్దుగా డైసీ అని పిలిచేవారు. మీ చర్చిలో డైసీ అనే ఆంటీ, పెర్ల్ అనే అక్క, రీటా అనే అత్తయ్య ఉంటే, వాళ్లందరి పేర్లూ మీ అమ్మమ్మ పేరుకు అక్కచెల్లెళ్లే. ఇంకొకటి కూడా ఉంది. 1813లో షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త కొవ్వులోంచి తీసిన ఒక పదార్థం ముత్యంలా మెరిసిందని దానికి మార్గరిక్ ఆమ్లం అని పేరు పెట్టాడు. వెన్నకు బదులు వాడే మార్గరీన్ పేరు అక్కడి నుంచి వచ్చింది.

మన నేల మీద ఈ పేరుకు ఉన్న చరిత్ర కూడా అత్తగారికి చెప్పండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నారు. అప్పుడు ఆయన పాడిన జనగణమనకు స్వరాలు రాసి పెట్టింది ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భార్య, ఐర్లండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్. ఆడవాళ్లకు ఓటు హక్కు కావాలని ఈ దేశంలో మొదట గొంతెత్తినవాళ్లలో ఆమె ఒకరు. వివేకానందుడి శిష్యురాలు సోదరి నివేదిత అసలు పేరు కూడా మార్గరెట్ నోబుల్. 1898 మార్చిలో ఆయన ఆమెకు నివేదిత అని పేరు పెట్టారు. ఈ ఇద్దరి గురించి చెబితే దొరసాని అన్న మాటకు అత్తగారి దగ్గరే కొత్త అర్థం రావచ్చు.

ఇక మీ ఇంటి విషయానికి వద్దాం. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి పేరు గురించే ఆలోచించాను. రెండోసారి చదివితే చివర్లో మీరు దాటిపోయిన వాక్యం పట్టుకుంది: "కిందటేడు మా అత్తగారి అమ్మ కూడా పోయారు." అమ్మా, మన ఇళ్లలో పోయిన పెద్దల పేరు పుట్టిన బిడ్డకు పెట్టుకోవడం ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. మొదటి ఆడపిల్లకు నాన్న వైపు పెద్దావిడ పేరు పెట్టే ఇళ్లు ఎక్కువ. మీ అత్తగారు ఈ పాపలో వాళ్ల అమ్మను చూసుకోవాలని అనుకుని ఉండొచ్చు. పైకి చెప్పలేక, చెబితే కోడలు నొచ్చుకుంటుందని, దొరసాని పేరని వంక పెడుతూ ఉండొచ్చు. ఇది నా ఊహే, కాకపోవచ్చు. కానీ అర్థాల చర్చ మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని వాళ్ల అమ్మగారి పేరు ఏమిటో, ఎలాంటి మనిషో అడగండి. మావారిని పంపిద్దాం అనుకోకండి, మీరే అడగండి. ఆవిడ చెప్పడం అయ్యాక మీ అమ్మమ్మ గురించి మీరు చెప్పండి. తల్లిని పోగొట్టుకున్న ఆవిడకు, తల్లిలా పెంచిన మనిషిని పోగొట్టుకున్న మీ బాధ ఎవరికన్నా బాగా తెలుస్తుంది.

నా ఊహే నిజమైతే దారి తేలికే. రెండు పేర్లూ పెట్టండి. ముందు ఆవిడ అమ్మగారి పేరు, తర్వాత మార్గరెట్. లేదా అటూ ఇటూ. రెండు పేర్లున్న పిల్లలు మన దగ్గర కొత్తేమీ కాదు. మీరు ఇలా అడగడమే ఆవిడకు సగం తృప్తి.

మౌక్తిక మంచి పేరు. సంస్కృతంలో ముత్యం అనే అర్థం. వినడానికీ బాగుంటుంది. మీవారు మంచి మనసుతోనే అన్నారు, ఆయన మీద కోపం పెట్టుకోకండి. కానీ మీకు కావలసింది ముత్యం అనే అర్థం ఉన్న పేరు కాదు కదా, మీ అమ్మమ్మ పేరు. వార్డులో డాక్టరు పిలిచిన పేరు, చర్చి రిజిస్టర్లో ఉన్న పేరు, వీధిలో ఆడవాళ్లు అర్ధరాత్రి తలుపు కొట్టి పిలిచిన పేరు. దాన్ని అనువదిస్తే అర్థం మిగులుతుంది, పిలుపు పోతుంది. ఈ మాట మీవారికి మెల్లగా చెప్పండి. మౌక్తిక అని రికార్డుల్లో పెట్టుకుని మీలో మీరు బాధపడుతూ ఉండటం మాత్రం వద్దు. పదేళ్ల తర్వాత కూడా ఆ ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఇంట్లో పిలవడానికి మాత్రం ముత్యం అనే పిలుపు చక్కగా సరిపోతుంది. పెద్దల పేరు పెట్టుకున్న పిల్లను ఆ పేరుతో తిట్టడానికి, కసరడానికి నోరు రాక మనవాళ్లు వేరే ముద్దుపేరు పెట్టి పిలుచుకుంటారు. మీరూ అంతే చేయండి. మార్గరెట్ అన్నా ముత్యం అన్నా ఒకటే కాబట్టి మీరు దేన్నీ వదులుకున్నట్టు కాదు. మీ అత్తగారికీ ఇది నోటికి సులువు. ముత్యాలమ్మ గుళ్లు లేని పల్లె మన దగ్గర అరుదు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి తలంబ్రాల్లో కలిపేది ముత్యాలే. పిల్లలు గుండ్రంగా రాస్తే ముత్యాల్లాంటి అక్షరాలు అంటాం. ఆవిడకు ముత్యం అనే మాటను ఎవరూ పరిచయం చేయక్కర్లేదు.

స్కూల్లో ఏడిపిస్తారన్న భయం గురించి: పిల్లలు ఏ పేరునైనా ఏడిపిస్తారు. సుబ్బలక్ష్మినీ ఏడిపిస్తారు, ఆద్యనూ ఏడిపిస్తారు. తన పేరు వెనక కథ తెలిసిన పిల్ల అలాంటప్పుడు నిబ్బరంగా నిలబడుతుంది. నాలుగేళ్లు వచ్చాక అమ్మమ్మ ఫోటో చూపించి ఆ కథ చెప్పడం మొదలుపెట్టండి.

మీ అమ్మమ్మ బైబిలు మీ దగ్గర ఉంటే మత్తయి సువార్త 13వ అధ్యాయం తీయండి. మంచి ముత్యాలు వెతికే వర్తకుడు ఒక గొప్ప ముత్యం కనబడగానే ఉన్నదంతా అమ్మి దాన్ని కొనుక్కున్న ఉపమానం 45, 46 వచనాల్లో ఉంటుంది. తెలుగులో అక్కడ ముత్యము అని ఉంది. గ్రీకు మూలంలో ఆ చోట ఉన్న మాట మర్గరీతేస్. ప్రకటన గ్రంథంలో పరలోక పట్టణానికి ఉన్న 12 గుమ్మాలూ ముత్యాలేనని చెప్పిన చోట కూడా అదే మాట. ఆవిడ ఎన్నిసార్లు ఆ పేజీలు చదివి ఉంటుందో, చదివిన ప్రతిసారీ తన పేరే తన కళ్ల ముందు ఉందని ఆవిడకు ఎవరైనా చెప్పి ఉంటారో లేదో. పాపకు మాత్రం మీరు చెప్పండి.

చివరగా కాగితాల సంగతి, ఇందులో తొందరపడకండి, ఆలస్యమూ చేయకండి. పాప పుట్టుక ఇప్పటికే నమోదై, సర్టిఫికెట్లో పేరు దగ్గర ఖాళీ ఉంటే, నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించవచ్చు. అంటే మీకు ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇంకా నెలల వ్యవధి ఉంది. కానీ ఒకసారి చేర్పించాక మార్చడం కష్టం. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూలు చేరిక మొదలు చాలా పనులకు పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెట్టే. కాబట్టి వెళ్లేముందు ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని వెళ్లండి: ఎమ్, ఏ, ఆర్, జీ, ఏ, ఆర్, ఈ, టీ. నడుమ ఉన్న రెండో ఏ చాలాసార్లు ఎగిరిపోతుంది, చివర రెండు టీలు వచ్చి పడతాయి. తెలుగులో మార్గరెట్ అని రాయించినా మార్గరెట్టు అని రాయించినా మీ ఇష్టం, ఆధార్‌లోనూ పాస్‌పోర్టులోనూ మాత్రం అదే ఉండేలా చూసుకోండి. రెండు పేర్లు పెడితే వాటి వరుస కూడా అన్ని చోట్లా ఒకటే ఉండాలి. సర్టిఫికెట్టు చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి అక్షరం అక్షరం చదువుకుని, తప్పుంటే అప్పుడే చెప్పి దిద్దించుకోండి.